పలకరింపుకు పడ్డ శిక్ష

సిడ్నీ

సుగుణక్కకు, బావగారికి తమ్ముడు రవి నమస్కారాలు.

ముందే చెప్పేస్తున్నాను, నాకేమీ కాలేదు. ఒళ్ళు బాగుంది, ఉద్యోగం ఉంది, రెండు పూటలా అన్నమే తింటున్నాను. బావగారి నడుంనొప్పి తగ్గిందా? పిల్లలు బడికి పేచీ పెట్టకుండా వెళ్తున్నారా? పోయిన ఆదివారం ఫోన్లో నా గొంతు ఎందుకలా ఉందని అడిగావు. కార్డులో డబ్బులు అయిపోతున్నాయని పెట్టేశాను. అయిపోలేదక్కా. నోటితో చెప్పలేక ఇలా రాస్తున్నాను.

ఆఫీసు బాగానే ఉంది. రెండువేల సంవత్సరం వచ్చినా ఏ కంప్యూటరూ ఆగిపోకపోయేసరికి, ఇక మాతో పనేముంది, ఇళ్ళకు పంపేస్తారని అందరం బెంబేలెత్తాం. నా కాంట్రాక్టు పొడిగించారులే, నువ్వేం దిగులు పెట్టుకోకు. మీకక్కడ వానలు మొదలయ్యే రోజుల్లో ఇక్కడ చలి. స్వెట్టర్ వేసుకునే వంట చేస్తున్నాను.

నువ్వు పంపిన గోంగూర పచ్చడి సగం సీసా మారెక్ లాగించాడు. నాతో ఫ్లాట్ పంచుకున్న కుర్రాడని ఇంతకు ముందు రాశాను కదా, అతనే. బ్రెడ్డుకు రాసుకుని మరీ తిన్నాడు. చెక్ దేశం వాడు. మంచు మీద హాకీ ఆడతాడు. ఇక్కడి క్లబ్బు జీతమిచ్చి పిలిపించుకుంది. నా వీసా కంపెనీ చేతిలో, అతని వీసా క్లబ్బు చేతిలో. మా ఇద్దరికీ అంతలా కుదరడానికి అదే కారణమేమో.

ఆ ఆట నువ్వు చూస్తే, ఎంత డ్రిల్లు టీచరువైనా ఈల ఊదలేక కూలబడతావు. కాళ్ళకు బ్లేడ్ల బూట్లు వేసుకుని గాలిలా వస్తారు. ఎదురుగా వచ్చి గుద్దుకోవడం ఆటలో భాగమేనట. వెనక నుంచి మాత్రం మనిషిని మంచు చుట్టూ ఉండే గోడకేసి నెట్టకూడదు. నెడితే కొన్ని ఆటలు ఆడనివ్వరు. ఎన్ని ఆటలన్నది ఒక కమిటీ కూర్చుని తేలుస్తుంది.

నెల కిందట మారెక్ అవతలి జట్టులో షాన్ అనే అతన్ని అలా నెట్టేశాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఇతను దూసుకొస్తుంటే షాన్ చటుక్కున గోడవైపు తిరిగాడు. ఇతను ఆగలేకపోయాడు. షాన్ భుజం ఎముక విరిగింది. తప్పు మారెక్‌దే, నేను కాదనను. కానీ ముందు వారమే పేరున్న ఆటగాడొకడు అచ్చం ఇదే పని చేశాడు. దెబ్బ తిన్నవాడు దులుపుకుని లేచాడు కాబట్టి వాడికి ఒక్క ఆటతో సరిపెట్టారు. చేసిన పని ఒకటే అయినప్పుడు ఎముక విరిగిందా లేదా అన్నదాన్ని బట్టి శిక్ష మారడం ఏం న్యాయం చెప్పు?

మారెక్‌కు ఆ రోజు నుంచి తిండి సహించలేదు. అప్పుడు నాకు నువ్వు గుర్తొచ్చావు. మీ స్కూలు కబడ్డీలో మన జట్టు పిల్ల వల్ల అవతలి పిల్ల మణికట్టు విరిగితే, నువ్వు ఆ పిల్లను వెంటబెట్టుకుని బత్తాయిలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళలేదూ? తప్పెవరిదో తర్వాత చూద్దాం, ముందు పలకరించి రావాలి అన్నావు. నేనూ అదే చెప్పాను. క్లబ్బు వాళ్ళను అడగాలేమో అని అతను నసిగాడు. దెబ్బ తగిలిన మనిషిని పలకరించడానికి ఎవరి పర్మిషన్ కావాలని లాక్కుపోయాను.

షాన్ ముందు బిత్తరపోయాడు, తర్వాత నవ్వాడు. ఒక్క చేత్తో ఒలుచుకోలేడని మారెక్ కమలాపళ్ళు ఒలిచి పెట్టాడు. నేను అలా గోడవైపు తిరక్కుండా ఉండాల్సింది, కమిటీకి ఆ మాటే చెబుతాను అన్నాడు షాన్. నేనెంత పొంగిపోయానో!

మారెక్‌కు ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని కమిటీ ముందుకు నేనూ వెళ్ళాను. పెద్దాయన చాలా మర్యాదగా అడిగాడు.

"కావాలని చేయలేదంటున్నారు. మరి తప్పు లేనప్పుడు అతన్ని చూడడానికి ఎందుకు వెళ్ళారు?"

మారెక్ నా వైపు చూశాడు. ఆ చూపు ఇంకా నన్ను వదల్లేదక్కా.

"మా ఊళ్ళో వెళ్ళకపోతే అడుగుతారండీ, తప్పు లేనప్పుడు ఎందుకు వెళ్ళలేదని," అన్నాను.

ఆయన తలూపాడు. విననట్టు కాదు, విన్నాడు. కానీ విచారణకు ముందు దెబ్బ తిన్నవాణ్ణి కలవకూడదట. కలిసి పళ్ళు పెట్టడమంటే సాక్షిని మెత్తబరచడమేనట, తప్పు ఒప్పుకున్నట్టేనట. షాన్ నిజంగానే వచ్చి తనవైపు పొరపాటు చెప్పాడు. పళ్ళు తిన్నవాడి మాటని తీసి పక్కన పెట్టారు. ఈ ఏడాది మిగిలిన ఆటలన్నీ నిషేధం. ఆడనివాడికి క్లబ్బు జీతమెందుకిస్తుంది? వీసా పోయింది.

నేను నోరు మూసుకుని ఊరుకుని ఉంటే ఏవో కొన్ని ఆటలతో పోయేది. మంచి చేయబోయి అతని కడుపు కొట్టాను. అతను నన్నొక్క మాట అనలేదు. వెళ్ళకపోతే నాకు ఇప్పటికీ అన్నం దిగేది కాదు అన్నాడు. శనివారం విమానం ఎక్కించి వచ్చాను. ఎయిర్‌పోర్టులో, షాన్‌ను అప్పుడప్పుడూ చూసి రమ్మని నాకు చెప్పాడు.

నిన్న కమలాపళ్ళు కొనుక్కుని షాన్ ఇంటి గేటు దాకా వెళ్ళాను. మనిషిని పలకరించడానికి వెళ్తే ఎవరేమనుకుంటారో అన్న ఆలోచన నాకు పుట్టి బుద్ధెరిగాక రాలేదక్కా, నిన్న వచ్చింది. గేటు తీయలేదు. పళ్ళు వెనక్కి తెచ్చేశాను. వంటింట్లో అలాగే ఉన్నాయి, ఒలవబుద్ధి కావడం లేదు.

నువ్వు మాత్రం మీ జట్టు పిల్లల్ని పలకరింపుకు తీసుకెళ్ళడం మానకు. ఎవరేమన్నా మానకు. షాన్ ఇంటికి మళ్ళీ వెళ్ళే ధైర్యం నాకు రావాలని దీవించు. పెద్దమ్మకు నా దణ్ణాలు, పిల్లలకు ముద్దులు.

ఈసారి పచ్చడి చిన్న సీసాలో పంపు చాలు. తినేది నేనొక్కణ్ణే.

నీ తమ్ముడు
రవి