జామరసం తాగాక రెండు గంటలు

సుభద్రా,

నువ్వు వెళ్లిపోయి ఈరోజుకి ఏడాది. నువ్వు సగంలో వదిలేసిన పరీక్షను ఈరోజు పూర్తి చేశాను.

అప్పట్లో పక్క ఫ్లాట్ భాభీజీ పులియబెట్టిన జామరసం తెచ్చి, "ఇందులో మంచి బాక్టీరియా ఉంటుంది, తిన్నాక తాగితే భాయ్‌సాబ్‌కి షుగర్ పెరగదు" అంది. నువ్వు నమ్మలేదు, కాదనీ అనలేదు. "ఒకరోజు వట్టి భోజనం, మర్నాడు అదే భోజనం మీద ఈ రసం. చూస్తే తెలుస్తుందిగా" అన్నావు. మొదటిరోజు నేను రెండు రొట్టెలు, పప్పు, బీరకాయ కూర తిన్న రెండు గంటలకు నా వేలు పొడిచి షుగర్ మీటర్‌లో చూసి, నూట ఎనభై ఆరు అని కేలండర్ మీద రాశావు. మర్నాడు తెల్లారి నువ్వు లేవలేదు.

ఈరోజు అవే వండుకున్నాను. భాభీజీని అడిగి రసం తెచ్చుకుని తాగాను. రెండు గంటలకు నూట ఎనభై రెండు వచ్చింది. ఆ కేలండర్ ఇంకా తీయలేదు. నీ అంకె పక్కనే రాశాను.

అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. డాక్టరు కదా, నెమ్మదిగానే చెప్పింది.

"పప్పా, ఒక్కసారి చూస్తే ఏమీ తెలియదు. పైగా మధ్యలో ఏడాది గడిచింది. రసం వల్ల ఒంట్లో ఇన్సులిన్ ఎంత వచ్చిందో ఆ మీటర్‌లో కనబడదు, దానికి ల్యాబ్‌లో వేరే టెస్ట్ ఉంటుంది. ఆప్ ఠీక్ హో నా?"

ఠీక్ హై అన్నాను.

ఏడుపు రాలేదు. రసం తాగి గడియారానికి ఎదురుగా కూర్చున్నాను, అంతే. నువ్వు పోయాక నేను దేనికోసమైనా ఎదురుచూశానంటే ఆ రెండు గంటలే.