మడుగు రాక్షసి ఎడమ కన్ను

చెల్లాయికి,

నువ్వు ఇంట్లో కూర్చుని చేసి పంపిన మడుగు రాక్షసి బొమ్మ మా ఆఫీసుకు చేరింది. మేం చేస్తున్న కంప్యూటర్ గేములో నేను చేసిన రాక్షసిని కాదు, నీదే పెడతారట. పాత కథల పుస్తకాలన్నీ తిరగేసి, మూడు నెలలు కోరలూ జడలూ మొసలి చర్మమూ చెక్కినదాన్ని నేను. మా ఆఫీసు పెద్దాయన నీ బొమ్మను తెర మీద తిప్పి చూపిస్తూ, "దీనికి ప్రాణముందమ్మా" అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పుడు అమ్మమ్మ ఆ రాక్షసి కథ నీ ఒక్కదానికే చెప్పిందా?

దాని ఎడమ రెప్ప వాలి ఉంది. అది పొరపాటని చెప్పి, సరిచేసే పని నేనే తీసుకున్నాను. మన పనిలో సగం ముఖం చేసి, రెండో సగానికి అద్దంలోలా దించేస్తాం కదా. అలా కుడి సగాన్ని ఎడమకు దించి, నీ ఫైలు మీదే సేవ్ చేశాను. "ఇప్పుడు నీట్‌గా ఉంది" అన్నారందరూ.

నీ మీద చాడీ చెబుదామని అమ్మకు ఫోన్‌లో అంతకుముందు తీసిపెట్టుకున్న నీ పాత బొమ్మ ఫొటో చూపించాను. అమ్మ నవ్వేసింది.

"కథలో రాక్షసి వచ్చేసరికి మీ అమ్మమ్మ ఎడమ కన్ను అలాగే వాల్చేది కదే. నీకు గుర్తులేదా?"

లేదు. పెద్దదాన్నని పోట్లాడి ఎప్పుడూ అమ్మమ్మ కుడి పక్కే కూర్చునేదాన్ని, ఎడమ పక్క నీది. నేను ఉంచింది నాకు తెలిసిన సగమే.

నీ అసలు ఫైలు మళ్ళీ పంపు, పెద్దాయనకు నేనే చెప్పుకుంటాను. ఒక్కటి మాత్రం రాయి. అలా కన్ను వాల్చి అమ్మమ్మ నీకేసి నవ్వేదా? నన్ను ఓదార్చడానికి అబద్ధం రాయకు.

నీ అక్క