పండగ మర్నాటి పలావు

సీతాఫల్‌మండి, సికింద్రాబాదు
28 డిసెంబరు 1948

ప్రియమైన సువార్తక్కయ్యకు,

బందరు నుంచి నువ్వు పంపిన కజ్జికాయల డబ్బా పండగకు ముందే చేరింది. ఒక్కటీ విరగలేదు. మీ మరిది పనిచేసేది స్టేషన్ పార్సెల్ ఆఫీసులోనే కాబట్టి, పెళ్ళాం పుట్టింటి సారె తనే భుజాన పెట్టుకుని ఇంటిదాకా నడిచొచ్చారు. ఇక్కడ చలి ఎంతుందనుకున్నావు! నూనె సీసాలోనే గడ్డకడుతోంది. అమ్మ శాలువా కప్పుకుని రాస్తున్నాను.

సెప్టెంబరులో ఇండియా సైన్యం వచ్చి రజాకార్ల గొడవ అణిగాక ఇదే మొదటి క్రిస్మసు. పోయినేడు ఈ వీధిలో పండగ పాటలు తలుపులు వేసుకుని లోపలే పాడుకున్నారట. ఈసారి లాంతర్లు పట్టుకుని సీతాఫల్‌మండి అంతా తిరిగారు. నాకూ అత్తవారింట మొదటి పండగ. ఇదంతా సంతోషంగా చదువుకుంటున్నావు కదూ! ఇక అసలు సంగతి చెబుతాను. నాన్నగారి ముందు మాత్రం ఈ ఉత్తరం పైకి చదవకు.

పండగనాడు పలావు నేనే వండుతానని అడిగి మరీ పొయ్యి దగ్గర కూర్చున్నాను. అమ్మ ఎలా చేసేదో అలాగే చేశాను. మాంసం పెరుగులో నానబెట్టాను, లవంగాలు నేతిలో వేయించాను, గిన్నె అంచుకు పిండి మెత్తి దమ్ పెట్టాను. రేషను బియ్యంలో రాళ్ళేరి మంచి గింజలు పోగుచెయ్యడానికే నాకు ముందురోజు మధ్యాహ్నమంతా పట్టింది. మూత తీసేసరికి అమ్మ వంటింటి వాసనే వచ్చింది. ఆమె పోయాక మళ్ళీ ఆ వాసన చూడటం అదే మొదలు, అక్కయ్యా. నాకు ఏడుపొచ్చింది.

అల్వాల్ నుంచి ఆయన పినతల్లి గారు, పాస్టరు గారి కుటుంబం భోజనానికి వచ్చారు. మా అత్తగారు మార్తమ్మ గారు నా గిన్నె మీద మూత పెట్టి, "ఇది ఉండనియ్యి బిడ్డా" అని తీసుకెళ్ళి వెనక గదిలో పెట్టి తలుపు వేశారు. వచ్చినవాళ్ళకు కోడికూర, తెల్లన్నం, గారెలు వడ్డించారు. నా పలావు చిన్న గిన్నెడు కూడా బయటికి రాలేదు. వాళ్ళ ముందు నేనేమనగలను? నవ్వుతూ నీళ్ళు పోశాను.

మర్నాడు ఆదివారం. గుడినుంచి రాగానే ఆవిడ ఆ గిన్నె ఎత్తుకుని పెరటి తలుపులోంచి వెనక సందులోకి వెళ్ళారు. పొద్దుగూకే వేళకు తిరిగొచ్చారు. గిన్నెలో నా పలావు లేదు. మాంసం దంచి, శనగపప్పుతో రుబ్బి చేసిన షామీ కబాబులున్నాయి. అన్నం మెదిపి పిండిలో కలిపి, పెనానికి ఒత్తి కాల్చిన సర్వపిండి ఉంది. "నిన్నటి పలావే. వేడిగున్నది, తిను" అన్నారు. మీ మరిది వంకాయ కూరని కూడా దేవుడిచ్చిన వరం అనుకునే మనిషి. లెక్కాపత్రం లేకుండా తిన్నారు. అమ్మ పలావుని ఎవరింట్లోనో చూపించి, బాగుచేయించి, ఆనవాలు లేకుండా చేసి తెచ్చారు. నేను ముట్టలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. పండగనాడు వీధిలో ప్రతి ఇంటికీ పిండివంటల పళ్ళెం వెళ్ళింది, మా పెరటిగోడ అవతల ఉండే ఖుర్షీద్ బేగం గారింటికి తప్ప. ఆమె భర్త పాత సర్కారు దఫ్తరులో చేసేవారు. సెప్టెంబరు తర్వాత పని పోయింది. అందుకే వాళ్ళతో మనకెందుకని అత్తగారు ఊరుకున్నారనుకున్నాను. నాకు ఒళ్ళు మండింది. నిన్న నేనే నీ కజ్జికాయలు, అరిసెలు, కేకు ముక్కలు అమ్మ పేరు చెక్కిన ఇత్తడి పళ్ళెంలో పెట్టి గోడ మీదుగా అందించాను. బేగం గారు రెండు చేతులా అందుకున్నారు.

నేను వచ్చేస్తాను, అక్కయ్యా. అక్కడి ఆడపిల్లల బడిలో టీచరు పని ఇంకా ఖాళీగా ఉందన్నావు కదా. నా వంట బల్ల మీదికి రానివ్వని ఇంట్లో నేనెక్కడ ఉండను? ఆయన మీద నాకు కోపం లేదు. అదే బాధ. నాన్నగారికి మెల్లగా చెప్పి, జనవరిలో వచ్చి తీసుకెళ్ళమను.

నీ చెల్లెలు,
దేవకృప


31 డిసెంబరు 1948

అక్కయ్యా,

నా మొదటి ఉత్తరం నీకు అందిందో లేదో, అప్పుడే ఇంకోటి. ఇంట్లో అందరూ రాత్రి ఆరాధనకు తయారవుతున్నారు. నాకు మాత్రం గుడిలోకి వెళ్ళడానికి ముఖం చెల్లడం లేదు.

అమ్మ పళ్ళెం తిరిగి రాలేదు. మన వైపు కడిగి ఖాళీగా ఇచ్చేస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. రెండు రోజులు చూసి, మొన్న నేనే వెళ్ళి తలుపు తట్టాను. "పళ్ళెం మా అమ్మది, అందుకే అడుగుతున్నాను" అన్నాను. పైగా నవ్వుతూ అన్నాను! బేగం గారు "జెర ఆగు బేటీ" అని లోపలికి వెళ్ళారు. ఎంతసేపటికీ రాలేదు. పరదా అవతల సీసా అడుగున చెంచాతో గీకుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత పళ్ళెం మీద తెల్లటి రుమాలు కప్పి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి రుమాలు తీస్తే చక్కెర. వాళ్ళ రేషను చక్కెరంతా అదే అయ్యుంటుంది.

మా అత్తగారు అది చూసి పీట మీద కూలబడ్డారు. నన్ను తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎందుకు పంపినవ్ బిడ్డా? నేను మరిచిపోయిననుకున్నవా?" అన్నారు. "ముప్ఫై ఏండ్ల సంది గా గోడ మీదికెల్లి పళ్ళాలు పోతున్నయ్, వస్తున్నయ్. ఆమె ఇంట్లకెల్లి పళ్ళెం ఖాళీగ రాదు. ఈయేడు బక్రీదుకు వాళ్ళింట్ల పొయ్యి సుత సరిగ్గ ఎలగలే. నేను క్రిస్మసు పళ్ళెం పంపితె, ఆమె ఏం పెట్టి తిరిగియ్యాలె? గందుకే పంపలే."

"మరి నా పలావు?" అన్నాను. ఇంకా నా పలావే నాకు కావలసింది, చూడు!

"నీ పలావు ఆమె కాడికే తీస్కపోయిన. ‘పండగది మస్తుగ మిగిలింది, పారేస్తె పాపం, నాకు షామీలు చేసుడు రాదు, నీ చేత్తోని జెర ఏమన్న చెయ్యి’ అని ఆమెతోని అన్న. వండిన చేతికి సగం, తెచ్చినోళ్ళకు సగం. గట్లయితె ఆమె మనకు చేసిపెట్టినట్టు. ఆమెకు తక్లీఫ్ లేదు, నాకు లేదు."

"మిగలలేదు కదా అత్తయ్యా, మీరే తీసి దాచారు."

"మరి? పండగ పూట పదిమంది తింటె మర్నాటికి ఏం మిగుల్తది? మంచిది ముందే తియ్యాలె. నా కోడికూర తీస్కపోతె ఖుర్షీద్ నవ్వుతది. నువ్వు హలాల్ మాంసం, ఏరిన బియ్యం, నెయ్యి వేసి చేసినవ్. గసొంటిది చేతిల పెడితెనే ఆమెకు పని చెయ్యబుద్ధయితది. నీకు చెప్పకపోవుడు నా తప్పే. చెప్తే నువ్వు ఆమె దిక్కు జాలిగ చూస్తవని భయపడ్డ."

జాలిగా చూడటమేమిటి, అంతకంటే పెద్ద పనే చేసి వచ్చాను. ఆ సాయంత్రం అత్తగారు వెనక సందులోకి వెళ్ళి తలుపు తట్టారు. లోపలినుంచి "తబియత్ బాగలేదు, పండుకున్న" అన్నారట. నిన్నా అంతే, ఇవాళా అంతే. వాళ్ళ పెరటి తలుపు పగలు గడియ పడగా ఈ ముప్ఫై ఏళ్ళలో చూడలేదంటారు ఈవిడ. రజాకార్ల రోజుల్లో కూడా తెరిచే ఉందట. అది నా చేతిమీదుగా మూతపడింది.

నేను రావాలన్న మాట అలాగే ఉంచు. అప్పుడు కోపంతో అన్నాను, ఇప్పుడు సిగ్గుతో అంటున్నాను. రోజూ ఆ గోడ చూస్తూ ఈ ఇంట్లో ఎలా ఉండను? చక్కెర ఇంకా పళ్ళెంలోనే ఉంది. టీలో వేసుకోవడానికి ఎవరికీ చెయ్యి రావడం లేదు.

దేవకృప


3 జనవరి 1949

నా బంగారు అక్కయ్యా,

ముందు నాన్నగారి పెట్టె సర్దడం ఆపించు. తర్వాత కూర్చుని చదువు.

కొత్త సంవత్సరం రోజున మళ్ళీ పలావు నేనే వండాను. ఈసారి ఇంట్లో ఉన్నవాళ్ళం ముగ్గురమే అయినా పెద్ద గిన్నె ఎక్కించాను. అత్తగారు గుడి నుంచి వచ్చేలోపు గుప్పెడు ఉప్పు ఎక్కువ వేశాను. అమ్మ చూస్తే నా చెవి మెలేసి ఉండేది. తిండి పాడుచేయడం మన ఇంట్లో అబద్ధమాడటం కంటే పెద్ద తప్పు కదా!

మీ మరిది మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నా ముఖం చూసి, మింగి, "బాగుంది" అన్నారు. ఇలాంటి మనిషిని వదిలి వస్తానని ఎలా రాశానో! అత్తగారు మాత్రం ముద్ద నోట్లో పెట్టగానే లేచి నిలబడ్డారు. "ఏందే ఇది? సముద్రం మొత్తం బందరు నుంచి మోసుకొచ్చినవా?" అని గట్టిగా అరిచారు. నేను గోడవైపు చూశాను. ఆవిడ నా చూపు చూశారు. ఈసారి ఇంకా గట్టిగా, గోడవైపే తిరిగి మొదలుపెట్టారు. "రేషను బియ్యం మట్టిల కలిపినవ్! ఇది బాగుచేసుకొని వస్తెనే ఇంట్లకు రా! లేకుంటె రాకు!" నవ్వు ఆపుకోలేక ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను. మీ మరిదికి మాత్రం ఏమీ అర్థం కాలేదు, పాపం. తల్లిని బతిమాలడానికి లేచారు.

గిన్నె ఎత్తుకుని వెనక సందులోకి వెళ్ళి తలుపు తట్టాను. వాళ్ళ భాషలో పిన్నిని పిలిచినట్టు పిలిచాను. "ఖాలా, ఉప్పు ఎక్కువైంది. అత్తయ్య నన్ను ఇంట్లోకి రానివ్వరు" అన్నాను. నిజం చెబుతున్నాను, ఏడవాలని అనుకోలేదు. తలుపు ముందు నిలబడేసరికి ఏడుపే వచ్చింది. తలుపు తెరుచుకోకపోతే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు.

గడియ తీసిన చప్పుడైంది. ఖుర్షీద్ బేగం గారు గిన్నెలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు. ముఖమంతా ముడుచుకుపోయింది. "యా అల్లా! పరేషాన్ గాకు బేటీ. లోపలికి రా, రోలు కడుగు" అన్నారు.

అక్కయ్యా, ఆమె చేతులు చూడాలి నువ్వు! మాంసం వేడినీళ్ళలో కడిగి ఉప్పు వదలగొట్టారు. ఉప్పు వెయ్యకుండా ఉడికించిన శనగపప్పు చేర్చి నాచేత రుబ్బించారు. మెత్తగా రుబ్బడం రాదని మూడుసార్లు చీవాట్లు పెట్టారు. బోయిన్‌పల్లి బజారు నుంచి మీ మరిది తెచ్చిన బంగాళాదుంపలు నేను గోడ మీదుగా అందుకుని ఇస్తే, ఉడకబెట్టి అన్నంలో కలిపి మెదిపి, టిక్కీలు చేశారు. వాళ్ళాయన బయటి గదిలోంచి, "ఏం వాసన ఇది? పండగేమన్నా ఉందా?" అని అడిగారు. "పండగే. పొరుగింటి పిల్ల పండగ పాడు చేసింది, నేను సరిచేస్తున్న" అని ఆమె గొప్పగా జవాబు చెప్పారు. ఆ మాటలో ఎంత సంబరముందో! నేను తల వంచుకుని రుబ్బుతూనే ఉన్నాను.

చివరికి సగం వాళ్ళింటి గిన్నెలో పెట్టుకుని, సగం నాకు పెట్టారు. గుమ్మం దాకా వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"మార్తకు అరుసుడు బాగొస్తది గాని, ఉత్తుత్తి అరుపు ఏదో నాకు ఎరుకే" అన్నారు. నా ప్రాణం పోయింది. ఆమె మాత్రం నా చెయ్యి వదలలేదు. "వచ్చే పండక్కి ఉప్పు సరిగ్గనే వెయ్యి బేటీ. మంచి పలావు పాడు చెయ్యకు. ఏ సాకు లేకుండ ఊకెనే తీస్కరా. తలుపు తీసే ఉంటది."

ఇంటికి వచ్చి ఆ మాట చెబితే అత్తగారు, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకుని చాలాసేపు నవ్వాం. తర్వాత ఆవిడ కళ్ళు తుడుచుకుని పళ్ళెంలోని చక్కెర తీసి, పాలు పోసి, మిగిలిన కేకు ముక్కలు నేతిలో వేయించి అందులో నానేశారు. రాత్రికి అది ఖుర్షీద్ ఖాలా ఇంటికి వెళ్ళింది, అమ్మ పళ్ళెంలోనే. ఈసారి పళ్ళెం నేను అడగను. ఎప్పుడు రావాలనుంటే అప్పుడు వస్తుంది.

బడి ఉద్యోగం ఇంకెవరికైనా ఇవ్వమని చెప్పు. నాన్నగారిని మాత్రం రమ్మను, తీసుకెళ్ళడానికి కాదు, నన్ను చూడటానికి.

ఒక్క మాట మరిచాను. పడుకోబోయే ముందు అత్తగారు నా పక్కన కూర్చుని, "ఈస్టరుకు నీ పలావే బల్ల మీద పెడత బిడ్డా, అందరికంటె ముందు" అన్నారు. వద్దన్నాను. మూత పెట్టి వెనక గదిలో ఉంచమన్నాను.

నీ చెల్లెలు,
దేవకృప