సారోన్ దాటిన చెప్పుకాళ్లు

నాన్నకు మీ లస్త్రి నమస్కారాలు. ఆరోగ్యంగానే ఉన్నాను.

నిన్న ఇక్కడ సురబాయాలో ఒక పెళ్లికి మా డాంగ్‌డుట్ పాటల బృందాన్నీ, సంప్రదాయ గమెలాన్ వాద్యాల వాళ్లనూ ఒకే వేదిక ఎక్కించారు. మైకు అందుకునే తొందరలో చెప్పుకాళ్లతో సారోన్ కంచుపలకల మీదుగా దాటేశాను. వాయించే పెద్దాయన వాటిని తుడుస్తూ, "వాద్యాన్ని దాటకూడదని మీ ఇంట్లో చెప్పలేదా అమ్మాయ్?" అన్నారు. అందరూ చూస్తుంటే, "మా ఇంట్లో ఎవరూ వాయించరండీ" అనేశాను. నలభై ఏళ్లుగా గాంగ్ మోగిస్తున్న మీరు అసలు లేనట్టే చెప్పాను నాన్నా. పాటలయ్యాక సిగ్గుతో చచ్చిపోతూ వెళ్లి, మీ పేరు చెప్పి, ఆయన కాళ్లకు దండం పెట్టాను. "నాకెందుకమ్మా, మీ నాన్నకు చెప్పుకో" అన్నారు. అందుకే ఈ కార్డు.

అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? గురువారం గాంగ్‌కు పూలు పెట్టేటప్పుడు నా పేరున కూడా గుప్పెడు పెట్టండి. తిట్లయినా సరే, మీ చేత్తో రాయండి.