కుంటలో జామతోట

9 జనవరి 1973, మంగళవారం

బడి ఇడిసే యాళ్లకు మా చర్చి పాస్టర్ సుందర్‌రాజు అయ్యగారు వచ్చిన్రు. సైకిల్ గోడకు ఆనిచ్చి, సంచిలకెళ్లి ఒక లావు కవరు తీసి నా బల్ల మీద పెట్టిన్రు. మద్రాసు ఆఫీసు ఫారం అట. బయటి దేశాల చర్చిలు కరువు ఊర్లకు గ్రాంట్ ఇస్తున్నయట. చెరువు బాగుచేసుకునేటోళ్లకు, చెట్లు పెట్టుకునేటోళ్లకు. కూలి కింద గోధుమలు, నూనె ఇస్తరట. మన సంఘంల ఇంగ్లీషు రాసేది నువ్వొక్కదానివే సువార్తమ్మా, నువ్వే నింపాలె అన్నరు.

దేనికి అడుగుదాం అయ్యగారూ అన్న.

కొంగలకుంటకు, ఇంక దేనికి అన్నరు.

నేను కవరు తీసి బల్ల సొరుగుల పెట్టిన.

పోయిన ఏడు వానలు లేవు. బావులల్ల బురద తేలింది. పటాన్‌చెరు దిక్కు కంపెనీలు లేస్తున్నయి, అక్కడ మట్టి మోసేటోళ్లు కావాలట. మా వాడలకెళ్లి కుటుంబాలకు కుటుంబాలే పోతున్నయి. మూడో తరగతి బల్లలు ఖాళీ. ఇంకో నాలుగిండ్లోళ్లు పోతే బడికి తాళమే. కుంట గట్టు తెగి శానేండ్లయింది. దాన్ని కట్టి పూడిక తీస్తే ఎండకాలమంత ఊరికి పని దొరుకుతది, వానకాలం నీళ్లు నిలుస్తయి. అయ్యగారు చెప్పిందంత నిజమే.

కాని కుంటల ఇప్పుడు జామతోట ఉన్నది. అది విమలక్కది.

10 జనవరి

పొద్దుగూకె యాళ్లకు తోటకు పోయిన. రోజూ పోయేదే.

విమలక్క కాశీనాథ్ సేటు భార్య. బెల్లం, కందుల యాపారం వాళ్లది. ఆమె పెండ్లయి వచ్చిన మరుసటేడు కుంట గట్టు తెగింది. ఎండిన కుంట నేలను సేటు పట్టా చేయించి ఆమె పేరు మీద పెట్టిండు. పిల్లలు కాలే. జామమొక్కలు పెట్టింది. బిందెతోని నీళ్లు పోసి ఒక్కొక్కటి పెంచింది. ఇప్పుడు కొమ్మకు కొమ్మ తాకుతున్నది.

వాళ్లింటికి పోతే నేను అరుగు దాకనే. చాయ్ నాకు వేరే గ్లాసుల. టీచరమ్మా అంటది. ఆమె తప్పని రాస్తలేను, ఆ ఇల్లు అట్లనే ఉంటది. తోటల మాత్రం ఒక్క గోనెసంచి మీద ఇద్దరం కూసుంటం. కాయ కొరికి సగం నాకిస్తది. సువార్తా అంటది.

తోట పల్లంల ఉంటది, చుట్టూత పాత గట్టు. దిగినమంటే ఊరి సప్పుడు దూరమైతది. ఆకుల సందులకెళ్లి ఎండ పడి నేల మీద మెల్లగ కదులుతుంటది. ఎనక్కి ఒరిగి చూస్తే నీళ్ల అడుగున కూసున్నట్టే. ఇద్దరం మాట్లాడకుంట ఎంతసేపైనా ఉంటం. ఇయ్యాల గూడ అట్లనే అయింది.

ఫారం సంగతి చెప్పాలని పోయిన. చెప్పలే.

11 జనవరి, తెల్లవారుజామున

కలల తోట నిండ నీళ్లు. చెట్ల నడుమ నడుస్తున్న. ఊపిరి మంచిగనే ఆడుతున్నది. చీర తడుస్తలేదు.

18 జనవరి, గురువారం

అయ్యగారు, నేను సంగారెడ్డికి పోయినం. కోర్టు ముంగట చెట్టు కింద కూసునే టైపిస్టు దగ్గర ఫారం కొట్టించినం. ప్రాజెక్ట్ పేరేంది, బెనిఫిషియరీస్ ఎవరు, ఎన్ని కుటుంబాలు. అన్నీ అయినయి. ప్రస్తుతం ఆ స్థలంల ఏమున్నది అని ఒక ప్రశ్న వచ్చింది. అయ్యగారు నా దిక్కు చూడకుంటనే వేస్ట్ లాండ్ అని కొట్టు బాబూ అన్నరు. మిషన్ మీద ఆ రెండు మాటలు పడనే పడినయి.

పోస్టాఫీసుల బల్ల మీద కవరు పెట్టి జిగురు అద్దేటప్పుడు అడిగిన. అది బీడు కాదు గద అయ్యగారూ అన్న. తోట అని రాస్తే ఎవరిస్తరు తల్లీ అన్నరు. ఆదివారం ఆరాధనల ముందు వరుస ఖాళీ ఉంటున్నది, ఎవరికి చెప్పాలె వాక్యం, గోడలకా అన్నరు. మంచి మనిషి. పోయిన నెల మీటింగుల ఆయన ఏడ్సుడు చూసిన.

నేను పెన్ను తీసి వేస్ట్ లాండ్ కొట్టేసిన. గ్వావా గార్డెన్ అని రాసిన. ఆయన ముంగటనే.

అయ్యగారు చూసిన్రు. కవరు అంటించి డబ్బల వేసిన్రు.

వచ్చేటప్పుడు బస్సుల కిటికీ పక్కన కూసున్న. కంది ఊరు దాటినంక చేన్లన్నీ ఒకటే రంగు. కాలిన రొట్టె రంగు. కిటికీకి తల ఆనిచ్చి కండ్లు మూసుకుంటే ఆ చేన్లు మెల్లగ పచ్చబడినయి. తెరిస్తే మళ్ల అదే.

20 జనవరి

విమలక్కకు చెప్పిన. రాలిన ఆకులు ఏరుతున్నది. ఏరుకుంటనే ఇన్నది.

ఒక్కటే అడిగింది. నీళ్లొస్తే ఎంత దాక వస్తయి?

లేసి నిలబడి, చెయ్యి నెత్తి మీదికి లేపి చూపించిన.

నా చెయ్యి కొస దిక్కు శానసేపు చూసింది. తర్వాత గోనెసంచి మడతపెట్టి సంకన పెట్టుకొని పోయింది. సంచి ఎన్నడూ కొమ్మ మీదనే ఇడుస్తది, ఇంటికి తీసుకపోదు.

3 ఫిబ్రవరి

తోటల ఎవరూ లేరు. పండ్లు రాలి ఉన్నయి. ముట్టలే.

12 ఫిబ్రవరి, సోమవారం

సేటు దుకాణానికి పిలిపిచ్చిండు. కోపం చేస్తడేమో అని మాటలు తయారు చేసుకొని పోయిన. కోపం చెయ్యలే. స్టూలు ఏయించిండు.

నీ మీద నాకేం లేదు టీచరమ్మా అన్నడు. భూమి పోతదని గాదు, నాకు భూమి శాన ఉన్నది. మా ఇంట్లామె తొలుత ఎట్లుండెనో నీకు తెల్వదు. పొద్దంత గోడకు మొకం పెట్టి పండుకుంటుండె. మాట లేదు, తిండి లేదు. హైదరాబాద్ల డాక్టర్లకు చూపిచ్చిన, మొక్కులకని బీదర్‌కు తీసుకపోయిన. ఆ చెట్లు కాయబట్టినంక నవ్వింది. అవి మునిగితే పొద్దంత ఆమె ఏం చెయ్యాలె, నువ్వే చెప్పు. చదువుకున్నదానివి.

బెల్లం ముద్దల మీద ఈగలు వాలుతుంటే రుమాలు ఊపుకుంట కూసున్నడు. నా జవాబు కోసం చూసిండు.

స్టూలు మీదికెళ్లి లేసిన. దండం పెట్టి వచ్చిన.

ఇంట్లకు వచ్చి దీపం ముట్టిచ్చుకోకుంట శానసేపు కూసున్న. ఇన్నేండ్లు ఆమె తోట ఆమెకోసం అనుకున్న. నాకోసం గూడనే. నాకైనా తోట మునిగినంక సాయంత్రం ఏడికి పోవాలె? నేనెందుకు రాసిన ఆ ఫారం? మూడో తరగతి పిల్లల మొకాలు యాదికొచ్చినయి. రెండూ ఒక్కసారి మనసుల పట్టలే.

25 ఫిబ్రవరి

ఆంధ్ర దిక్కు గొడవలకు రైళ్లు ఆగినయట. మద్రాసు టపా రాలే. అయ్యగారు రోజూ పోస్టాఫీసు దాక పోయి వస్తున్నరు.

7 మార్చి, బుధవారం

ఇన్‌స్పెక్షన్. పరంజ్యోతి గారని, గ్రాంట్ ఆఫీసు ఆయన. తెల్ల జుట్టు, నల్ల గొడుగు. జీపుల వస్తడనుకున్నం, బస్సు దిగి నడుచుకుంట వచ్చిండు.

గట్టంత నడిసి చూసిండు. తెగిన తావుల వంగి రాళ్లు ముట్టి చూసిండు. తర్వాత తోటలకు దిగి ఒక చెట్టుకు ఒరిగి కూసున్నడు. కూసున్నడు, నిద్రపోయిండు. అయ్యగారు, నేను మొకాలు చూసుకున్నం. లేపబుద్ధి కాలే. ఆయన మొకం మీద ఎండ మచ్చలు కదులుతుంటే మునిగిన మనిషి లెక్కనే ఉన్నడు. ఏ బాధ లేదు ఆ మొకంల.

లేసినంక సిగ్గుపడుకుంట చెప్పిండు. అందరు వేస్ట్ లాండ్ అనే రాస్తరమ్మా. ఒక్క ఈ ఫారంలనే అది కొట్టేసి తోట అని ఉన్నది. అందుకే వేరేటోళ్లను పంపకుంట నేనే వచ్చిన.

గ్రాంట్ వస్తదా అన్నరు అయ్యగారు.

తోట ముంచుమని మేం చెప్పం, వద్దని గూడ చెప్పం అన్నడు. తోట ఎవరి పేరు మీదుంటే ఆమెనే ఒప్పుకొని సంతకం పెట్టాలె. మా బలవంతం ఉండొద్దు, మీదీ ఉండొద్దు. నెల ఆఖరు దాక చూస్త.

ఆయన అన్నది న్యాయమే. అయినా ఆయన మీద కోపం వచ్చింది.

16 మార్చి, శుక్రవారం

జల్దీ జల్దీ రాస్తున్న.

పొద్దున మా వాడ మొగులమ్మ బడికి వచ్చింది, ఆమె బిడ్డ మూడో తరగతి. మూటలు కట్టుకున్నమని చెప్పింది. బిడ్డను తీసుకపోత, పేరు మాత్రం కొట్టెయ్యకు టీచరమ్మా, వానలు పడితే తిరిగొస్తం అన్నది. అన్నది గని పోయినోళ్లల్ల ఎవరొచ్చిన్రు తిరిగి? మాట్లాడుకుంట ఉన్నం, వాకిట్ల నీడ పడింది. విమలక్క. ఆమె మా వాడల అడుగు పెట్టుడు ఇదే మొదటిసారి. మొగులమ్మ దిగ్గున లేసి పక్కకు జరిగింది. పిల్లలు పాఠం ఆపిన్రు.

విమలక్క నన్ను చూడలే. ఏడికి పోతున్నవ్ అని మొగులమ్మను అడిగింది. పటాన్‌చెరు అన్నది మొగులమ్మ. ఆడ ఏడుంటరు? ఏడుంటం దొరసానీ, పెద్ద పెద్ద సిమెంటు పైపులు తెచ్చి పడేసిన్రట, అండ్లనే వండుకుంటున్నరట, అండ్లనే పండుకుంటున్నరట. బిడ్డ ఇదంత ఆటనుకున్నది. పైపుల కూత పెడితే మళ్ల ఇనబడతది అంట అని కిలకిల నవ్వింది. విమలక్క తోట కాయలు తిని పెరిగిందే అది.

విమలక్క ఆ పిల్లను చూసుకుంట అట్లనే నిలబడ్డది. తర్వాత చాప మీద కూసున్నది. నా పిల్లల చాప మీద. ఒక నెల ఆగు మొగులమ్మా, పని ఈడనే ఉంటది అన్నది.

నా దిక్కు తిరిగి, సంతకం ఏడ పెట్టాలె సువార్తా అన్నది. అందరి ముంగట సువార్తా అన్నది.

సేటు ఏమంటడో అన్న. పేరు నాది గద అన్నది. పరంజ్యోతి గారు ఇచ్చిపోయిన కాగితం ముంగట పెట్టిన, సంతకం చేసింది.

కాగితం ఆరేదాక ఊదుకుంట కూసుని చెప్పింది. పెండ్లయిన ఏడు నా బతుకమ్మను ఆ కుంటలనే ఇడిసిన. మెల్లగ తిరుక్కుంట నడుమకు పోయింది. ఒడ్డున నిలబడి కనబడేదాక చూసిన. ఆ తర్వాత ఏ ఏడు ఏడ ఇడిసిన్నో ఒక్కటీ యాదికి లేదు.

లేసి పోయేటప్పుడు ఒక్కటి అడిగింది. చెట్లకు గొడ్డలి పెట్టొద్దు. నీళ్లొస్తే రానీ. కొట్టొద్దు.

11 ఏప్రిల్

సాంక్షన్ అయింది. అయ్యగారు ఉత్తరం చేతుల పట్టుకొని సంబరంల బడి దాటి సైకిల్ తొక్కుకుంట పోయి, మళ్ల ఎనక్కి తిప్పుకొచ్చిన్రు.

8 మే

బడికి ఎండకాలం సెలవులు. పొద్దున్నుంచి కుంటలనే ఉంటున్న, హాజరు రాసుకుంట. గడ్డపారలు, తట్టలు, దుమ్ము. తీసిన పూడిక బండ్ల మీద చేన్లకు పోతున్నది. మొగులమ్మ ఆడోళ్ల ముఠాకు మేస్త్రి అయింది. పోయినోళ్లల్ల రెండిండ్లోళ్లు వాపస్ వచ్చిన్రు. సేటు మధ్యాహ్నం బెల్లం నీళ్లు పంపుతడు. ఎన్నడన్న తనే వస్తడు. నాతోని మాట్లాడడు.

విమలక్క ఇటు దిక్కే రాలే.

20 మే

ఇయ్యాల వచ్చింది. గట్టు మీద నిలబడి కిందికి చూసింది.

నేల అంత లోతు పోయింది. చెట్లు మాత్రం ఎక్కడియి అక్కడనే ఉన్నయి. ప్రతి చెట్టు మొదట్ల మన్ను ఒక దిబ్బలెక్క ఇడిసిపెట్టి, దాని చుట్టు తవ్వుకుంట పోయిన్రు. కొట్టొద్దని నేను చెప్పిన గని, దిబ్బలు చెయ్యుమని చెప్పలే. అట్ల చేస్తే తవ్వేటోళ్లకే ఎక్కువ తిప్పలు, తట్ట పట్టుకొని ప్రతి చెట్టు చుట్టు తిరగాలె. ఎవరు చెప్పిన్రని మొగులమ్మను అడిగితే, ఎవలు జెప్పాలె, మా పోరగాండ్లు తిన్న చెట్లు గాదా అన్నది.

విమలక్కకు ఆ మాట ఇనబడ్డది. కొంగు మొకానికి అడ్డం పెట్టుకున్నది.

23 జూన్, శనివారం

వాన. రాత్రంత, పొద్దంత. బడి పెంకులు కారుతున్నయి, ఎవరికీ పట్టలే. గట్టు ఆగింది.

29 జులై

కుంట నిండింది. నేను చెయ్యి లేపి చూపిచ్చిన కాడికి వచ్చినయి నీళ్లు. మీద జామచెట్ల తలలు మాత్రం, పచ్చటి పొదల లెక్క. కొంగలు వచ్చినయి. ఏడికెళ్లి తెలిసిందో వాటికి. మూడో తరగతిల కూసునే తావు సరిపోతలేదు.

అన్నీ అనుకున్నట్టే అయినయి.

విమలక్క బజార్ల ఎదురైతది. నవ్వుతది. మంచిగున్నవా టీచరమ్మా అంటది. పక్కన నలుగురు ఉంటరు. మంచిగున్న అంట. మాకిప్పుడు కూసునే తావు లేదు. సాయంత్రం గట్టు మీద ఒక్కదాన్నే నడుస్త. నీళ్లల్ల ఆకాశం చూస్త. అందంగ ఉంటది. ఏడుపొస్తది.

2 సెప్టెంబర్, ఆదివారం

ఆరాధన అయినంక గట్టు మీద గుంపు చూసి పోయిన. బెల్లం వండే పెద్ద పెనాన్ని సేటు నలుగురితోని మోయిచ్చి పడవ లెక్క కుంటల ఏసిండు. విమలక్క అండ్ల కూసున్నది, చేతుల పొడుగు కట్టె. కొమ్మల మీద కాయలు పండినయట, తెంపుకొస్తదట. ఒక్కదాన్ని పంపను అన్నడట సేటు. ఎవరొస్తరు తోడు అని చూస్తున్నడు.

నా దిక్కు చూసి పెనం అంచు పట్టుకున్నడు, కదలకుంట. ఎక్కు టీచరమ్మా అన్నడు.

నాకు ఈత రాదు. ఎక్కిన. పెనం గిర్రున తిరిగింది. గట్టు, ఊరు, అయ్యగారి తెల్ల అంగీ, కొంగలు, అన్నీ తిరిగినయి. భయమై ఆమె చెయ్యి పట్టుకున్న.

ఊరంత చూస్తున్నది. కాయలతోని పెనం ఒడ్డుకు తాకినంక గూడ ఆమె నా చెయ్యి ఇడువలే.