ముప్పై ఎనిమిది బోర్డులు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాయునది. దీవించడం అయిపోయింది కాబట్టి ఇక తిట్లు మొదలుపెడతాను. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే ఎవరని అడక్కు. మీ బావ పోయి ఆరేళ్ళయింది, ఉన్నది నేనొక్కదాన్నే. మరదలూ, మేనకోడలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నువ్వు ఎలా ఉన్నావని మాత్రం అడగను. సొంత అక్కని ఇంట్లోంచి లేపడానికి బయల్దేరినవాడికి ఏం తక్కువ, నిక్షేపంలా ఉంటావు.

నీ ఉత్తరం వచ్చి పద్దెనిమిది రోజులైంది. ఇన్నాళ్ళూ జవాబు ఎందుకు రాయలేదో తర్వాత చెప్తాను. నేను ఫోన్ చేస్తే కట్ చేస్తావు. ఉత్తరం మాత్రం రాస్తావు, ఏదైనా రాతపూర్వకంగా ఉండాలని. అక్కకి రాసే ఉత్తరంలో పైన "విషయం: ఇల్లు ఖాళీ చేయుట" అని రాసి కింద గీత కొట్టినవాణ్ణి ఈ లోకంలో నిన్నొక్కణ్ణే చూశాను. ఆ గీత చూడగానే ఒళ్ళు మండిపోయింది. స్కేలు పెట్టి మరీ కొట్టావు కదరా!

ఈ మూడు నెలల్లో ఎన్ని కొత్త బోర్డులు రాశావో మళ్ళీ కాగితం మీద రాసి పంపమన్నావు. పదకొండు. ఏడాదిన్నర మొత్తం కలిపితే ముప్పై ఎనిమిది. రాసిపెట్టుకో, నీకు రాసిపెట్టుకోవడమంటే ఇష్టం కదా.

అసలు ఈ పిచ్చి నీకు ఎలా పట్టిందో నాకు బాగా గుర్తుంది. ఇప్పుడు చౌకగా ఉండి రేపు పెరగబోయే ఊరు పట్టుకోవాలి, నలుగురికీ తెలిసేలోపు అక్కడ ఇల్లు కొని పడెయ్యాలి అన్నావు. అయిదు ఊళ్ళు ఎంచుకుని బళ్ళో మాస్టారులా మార్కులు వేశావు. బస్సులెన్ని, బడిలో సీట్లెన్ని, రోడ్డు వెడల్పెంత, కొత్త దుకాణాలెన్ని. కొత్త దుకాణాల లెక్క ఎవరి దగ్గర దొరుకుతుందా అని వెతికితే అప్పుడు కనిపించాను నీకు నేను. ఈ ఊళ్ళో బోర్డులు రాసేదాన్ని నేనొక్కదాన్నే, ఎవరు షట్టరు ఎత్తినా ముందు నా వరండాలోకే రావాలి. "అక్కా, నెలనెలా ఎన్ని రాశావో ఆ అంకె పంపు చాలు, మిగతాది నేను చూసుకుంటా" అన్నావు. పంపాను. నువ్వు చూసుకున్నావు. ఆ అంకెలు చూసే మా ఊరికి నూటికి ఎనభై ఏడు వేశావు. అంతకుముందు ఏమనేవాడివో మరిచిపోయావా? "ఆ చచ్చిన ఊళ్ళో రేకులకు రంగు పూసుకుంటూ ఎన్నాళ్ళుంటావే" అన్నావు, మీ బావ పదో రోజున, నలుగురి ముందు.

సరే, ఊరు ఎంచుకున్నావు. ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా నేనుంటున్న ఇల్లే ఎందుకు నచ్చిందిరా నీకు? పాత అద్దె, ఒంటరి ఆడది, గొడవ చెయ్యదు, ఖాళీ చేయించి అద్దె రెట్టింపు చెయ్యొచ్చు. బ్రోకరు చెప్పాడు, నువ్వు తలాడించావు. ఆ బ్రోకర్ని ఊరంతా టేపు అంటారు, కొలిచే టేపు జేబులో లేకుండా బయటికి రాడు కాబట్టి. మొన్న వేసవిలో వాణ్ణి వెంటేసుకుని వచ్చావు చూడు, ఆ రోజు సంగతి నేను చచ్చేదాకా మర్చిపోను. గుమ్మంలోకి వచ్చి "బావున్నావా అక్కా" అనకముందే పైకప్పు చూశావు. నేను పొయ్యి దగ్గర నిలబడి ఉండగానే ఆ చివర వాడూ ఈ చివర నువ్వూ పట్టుకుని వంటిల్లు కొలిచారు.

"కొంచెం జరుగక్కా" అన్నావు. జరిగాను.

"ఈ గోడేంటి సార్, ఇంత ఛండాలంగా ఉంది?" అన్నాడు వాడు.

"కుంచెలు తుడుస్తారులే. మొత్తం గీకించెయ్యాలి."

"గీకడం దేనికి సార్, దండగ. రెండు పూతలు వేస్తే కనబడదు."

పద్నాలుగేళ్ళ రంగులు ఆ గోడ మీద ఉన్నాయి. కింది సగం నావి, పై సగం మీ బావవి, ఆయన పొడుగరి కాబట్టి. నాకు ఏడుపొచ్చింది. మీ ఇద్దరి ముందూ ఏడవడం ఇష్టంలేక తెల్లరంగు డబ్బా తీసుకుని వరండాలోకి పోయాను. అన్నం తినమన్నా తినలేదు నువ్వు. వాడితో కలిసి ఊరవతలికి ఫొటోలు తియ్యడానికి పోయావు.

ఇప్పుడేమో అదే ఇంటి పై గది చౌకగా ఇస్తానని రాశావు. "సొంతవాళ్ళు కాబట్టి తగ్గింపు" అట. ఎంత పెద్ద మనసు నాయనా! పది అడుగుల రేకులూ, నిచ్చెనా, డబ్బాలూ మోసుకుంటూ ఆ ఇరుకు మెట్లు నేనెక్కాలి, యాభై నాలుగేళ్ళ వయసులో. ఎక్కి, పైనుంచి నీకు దండం పెట్టాలి కాబోలు.

ఆ కొలతల సంగతి అప్పట్లోనే ఫోన్లో కడిగేద్దామనుకున్నాను. కానీ పోయిన నెలలో మరదలు నాకు ఫోన్ చేసింది. నీకు తెలియకుండా చేసింది. ఆ పిల్లని ఒక్క మాటన్నావంటే నేను ఊరుకోను, ముందే చెప్తున్నా.

"వదినా, మీకు చెప్పొద్దన్నారు. మూడు నెలలైంది ఆయన్ని పనిలోంచి తీసేసి. తీసేస్తూ వాళ్ళిచ్చిన డబ్బు ఒక్కటే ఉంది మాకు. అదంతా మీ ఊళ్ళో ఇంట్లో పెట్టేస్తున్నారు. అద్దె వస్తుంది, దాంతో బతుకుతాం, రెండేళ్ళలో డబుల్ రేటుకి అమ్ముతాం అంటున్నారు. నాకు భయంగా ఉంది వదినా. ఆ ఊరు నిజంగా అంత పెరుగుతోందా?"

"కనుక్కుని చెప్తాలేమ్మా" అని పెట్టేశాను. ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా ఉన్నదాన్ని, ఎవర్ని కనుక్కోవాలి నేను?

ఉద్యోగం పోయిందని నాకెందుకు చెప్పలేదురా దరిద్రుడా? నేను నవ్వుతాననుకున్నావా?

మర్నాడే నీకు ఫోన్ చేసి "ఈ ఇల్లు కొనొద్దురా, ఊరు బాగాలేదు" అన్నాను. నువ్వేమన్నావు? "నీ ఇల్లు పోతుందని ఏడుస్తున్నావు. నేను బాగుపడితే నువ్వు ఓర్వలేవు. ముప్పై ఎనిమిది దుకాణాలు తెరిచిన ఊరు బాగాలేకపోవడమేంటి? నువ్వే కదా రాశావు!" అని ఫోన్ పెట్టేశావు. ఆ తర్వాత మళ్ళీ ఎత్తలేదు. వారం తిరక్కుండా గీత కొట్టిన ఉత్తరం వచ్చింది.

ఇక విను. ముప్పై ఎనిమిది దుకాణాలు కాదు, ముప్పై ఎనిమిది బోర్డులు. బస్టాండు ఎదురుగా ఉన్న వరసలో గదులు పదకొండే. అందులో మూలగదికి ఈ ఏడాదిన్నరలో నేనే అయిదుసార్లు రాశాను. ముందు దర్జీ, తర్వాత ఫోన్ల రిపేరు, తర్వాత విత్తనాలు, తర్వాత ఫొటోలు తీసేవాడు, ఆఖర్న కళ్ళజోళ్ళు. కళ్ళజోళ్ళాయన నలభై రోజులున్నాడు. రేకు అదే. పాత పేరు మీద తెల్లరంగు కొట్టి కొత్త పేరు రాయడమే. పెరిగే ఊళ్ళో నాలాంటిదానికి ఇంత పని ఉండదురా. అక్కడ ఒకసారి రాస్తే ఇరవై ఏళ్ళు కదిలించరు. దుకాణాలు మూతపడే ఊళ్ళోనే నా చేతికి తీరిక ఉండదు. ఈ సంగతి బోర్డులు రాసేవాళ్ళందరికీ తెలుసు. నువ్వు అడగలేదు, అంకె చాలన్నావు. నేను అబద్ధం ఒక్కటీ రాయలేదు.

రాయలేదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది కూడా నిజం కాదు. ఊరవతల ఖాళీ స్థలాల్లో నాలుగు పెద్ద బోర్డుల పక్కన నిలబడి నువ్వు ఫొటోలు తీయించుకున్నావు కదా, "త్వరలో ఇక్కడ ఆసుపత్రి", "త్వరలో ఇక్కడ పెద్ద బడి" అని ఉంటాయి, ఆ నాలుగూ రాసింది నేనే. టేపు రాయించాడు.

"ఎవరు కడుతున్నారు?" అని అడిగాను.

"ఎవరో ఒకరు కడతార్లెండి. ముందు బోర్డుంటే ఊరికి కళొస్తుంది" అన్నాడు.

కూలి తీసుకుని రాశాను. అప్పటికి కొనేవాడివి నువ్వని తెలియదు. కానీ ఆ ఫొటోలు తెచ్చి నాకు చూపించి "చూశావా అక్కా, ఆసుపత్రి వస్తోంది!" అన్నప్పుడు తెలుసు కదా. అప్పుడు కూడా నోరు మెదపలేదు.

ఎందుకంటావా? చెప్తాను. నెలనెలా అంకె పంపమన్నావు, అంతదాకా ఆగలేక ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడివి. "అక్కా, ఈ వారం ఎన్ని?" అని. మీ బావ పోయిన ఏడాది మొత్తంలో నువ్వు నాకు రెండుసార్లు చేశావు. ఈ బోర్డుల పుణ్యమా అని వారం వారం నీ గొంతు విన్నాను. నాకు బాగుండేది. శనివారం నుంచే ఎదురుచూసేదాన్ని, సిగ్గులేకుండా. నిజం చెప్తే నీ మార్కులూ పోతాయి, ఫోనూ ఆగిపోతుందని తెలుసు.

ఇంకొకటి కూడా ఉంది, అది దాచుకుంటే నాకు నిద్ర పట్టదు. వంటింట్లో "జరుగక్కా" అన్నాక, నువ్వు మోసపోవాలని కోరుకున్నాను. మార్కులు వేసుకుంటావా, వేసుకో. కొను, కొని చూడు, అప్పుడు తెలుస్తుంది ఏది చచ్చిన ఊరో అనుకున్నాను. నీ దగ్గర డబ్బు మూలుగుతోందనుకున్నాను. నీ భార్యాబిడ్డల నోటి దగ్గర కూడు అని నాకు తెలియదు. తెలిసుంటే అలా అనుకునేదాన్ని కాదు. అంతవరకే చెప్పగలను, క్షమాపణ అడగను. నువ్వు నన్ను అడిగావా?

ఇరవయ్యో తారీకు రిజిస్ట్రేషన్ అన్నావు. ఇవాళ తొమ్మిది. ఈ ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో వేస్తున్నాను, పన్నెండుకల్లా నీ చేతికి రావాలి. చదివి నువ్వు ఏమంటావో నాకు ముందే వినబడుతోంది. ఇల్లు కాపాడుకోవడానికి కొత్త కథ అల్లింది అంటావు. అదే నన్ను పద్దెనిమిది రోజులు తినేసింది. ఆ ఇంట్లో ఉండి నేను ఎంత నిజం చెప్పినా నీకు అది నా స్వార్థంలాగే కనబడుతుంది.

అందుకని ఖాళీ చేశాను. పోయిన నెల ఇరవై ఎనిమిదిన తాళంచెవి ఇంటాయన చేతిలో పెట్టాను. ప్రింటింగు ప్రెస్సు వెనకాల ఒక గది తీసుకున్నాను. దానికి ఏడాదికి కాగితం రాసిచ్చాను, కాబట్టి తిరిగి పోయే దారి కూడా లేదు. కిటికీ ఒకటే, వెలుతురు మధ్యాహ్నం దాకా రాదు. నువ్వు ఆ ఇల్లు కొన్నా, కొనకపోయినా ఇక నాకు ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు. దీన్ని త్యాగం అనుకునేవు, నీ మొహానికి త్యాగం ఒకటి తక్కువ! నా మాట నువ్వు నమ్మాలి, దానికి వేరే మార్గం కనబడలేదు. అంతే. ఆ గోడ వదిలి రావడం నాకు ఎంత కష్టమైందో నీకు రాయను, నీకు అర్థం కాదు.

ఇప్పుడు నీ రెట్టింపు అద్దె సంగతి. రిజిస్ట్రేషన్ నాటికి కొత్త అద్దెదారు సిద్ధంగా ఉండాలని టేపుకి చెప్పావట. నేను ఖాళీ చేసిన సాయంత్రమే వాడు పరిగెత్తుకుంటూ వచ్చి "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అని నాతోనే బోర్డు రాయించాడు. అద్దె ఎంతో కూడా రాయమన్నాడు, నువ్వు చెప్పిన రెట్టింపే. అయిదో రోజున వచ్చి దాన్ని చెరిపి పాత అద్దె రాయమన్నాడు. నిన్న మళ్ళీ వచ్చాడు, నేను కట్టిన అద్దెలో సగం రాయమన్నాడు. మొహం ఎత్తి నా వైపు చూడలేదు. రాసిచ్చాను. పదకొండు రోజులైంది. ఎవరైనా వచ్చి చూశారా అని ఇంటాయన్ని అడిగాను. ఒక్క పురుగు కూడా తలుపు తట్టలేదన్నాడు.

ఇంటాయనకి నువ్విచ్చిన బయానా పోతే పోయింది. మిగతాదైనా పిల్ల కోసం ఉంచుకో. ఈ ఊళ్ళో ఆ ఇంటికి అద్దె కట్టి ఉండే మనిషిని నేనొక్కదాన్నేరా, నన్ను లేపేశావు.

ఇట్లు,
కోపం ఇంకా చల్లారని
నీ అక్క