చప్పిడి సంగటి

జూన్ 3
చంద్రును కృష్ణగిరి డాక్టరుకు చూపించి తీసుకొచ్చాం. నా భార్య మంజు తమ్ముడు. లారీ డ్రైవరు. నడుం నొప్పికని మొదలుపెట్టిన పెయిన్ కిల్లర్లు, నొప్పి పోయినా వదల్లేదు. మానేస్తే చెమట, వణుకు, విరేచనాలు. డాక్టరు క్లోనిడిన్ రాశాడు. పాత బీపీ మాత్రే, దీనికీ పనిచేస్తుందట. కిడ్నీలు పోయినప్పుడు మంజు వేసుకున్నదీ అదే.
ప్రతి మాత్రకూ ముందు బీపీ చూడాలి. తొంభై కంటే తగ్గితే ఇవ్వకూడదు. నీళ్లు, ఉప్పు బాగా పట్టించాలి. ఇదంతా నాతోనే చెప్పాడు. రేణు బయట మొగుణ్ణి పట్టుకుని కూర్చుంది.

జూన్ 4
బీపీ 118. మంజు చేతికి చుట్టిన పట్టీ వాడి చేతికి చుట్టాను. మధ్యాహ్నానికి వణుకు తగ్గింది. ఆమెది వచ్చిన జబ్బు. వీడిది తెచ్చుకున్న జబ్బు. మాత్ర వీడికి పనిచేస్తోంది.

అదే రోజు, సాయంత్రం
రేణు వాడికి చప్పిడి సంగటి పెట్టింది. తానూ అదే తింటోంది. బీపీ మాత్రకి ఉప్పు కూడదు కదన్నా, మా వదినతో నువ్వూ తినల్యా అంది. నీకేం ఖర్మే, నువ్వు ఉప్పేసుకో అన్నాడు చంద్రు. నీతో కాపురం కంటే చప్పిడిదేముందిలే అంది. ఇద్దరూ నవ్వారు.
మంజుది పెరిగే బీపీ. ఇక్కడ మాత్రతో తగ్గే బీపీ. ఒక్క మాట చాలు.
ఆ తిండి మంజుదీ నాదీ. చెప్పలేదు.

జూన్ 5
బీపీ 96. మాత్ర ఇచ్చాను. చెప్పలేదు.

జూన్ 6
చంద్రు బాత్రూం ముందు కళ్లు తిరిగి పడ్డాడు. బీపీ 82. మాత్ర ఆపాను. వణుకు తిరగబెట్టింది. ఆ నొప్పి మాత్ర ఒక్కటి తెచ్చియ్యే అని పెళ్లాం కాళ్లు పట్టుకున్నాడు. నేను చూడలేనన్నా, పోయి తెస్తా అని రేణు చెప్పులు వేసుకుంది.
అప్పుడు చెప్పాను. డాక్టరుకు ఫోన్ చేశాను. మజ్జిగలో ఉప్పు నేనే కలిపి తాగించాను. ముందే చెప్పకూడదాన్నా అని ఏడ్చింది. మరిచిపోయినానమ్మా అన్నాను. నమ్మింది.

జూన్ 10
బీపీ 114. చంద్రు మా గేటు దాకా నడిచొచ్చి, అక్కడి నుంచి బావా అని కేకేశాడు. రేణు వాడి వెనకే ఉంది, పడితే పట్టుకోవడానికి చెయ్యి చాపుకుని. తలుపు వేసుకున్నాను.

జూన్ 12
రేణు ఊరగాయ ఇవ్వడానికి వచ్చి నా గిన్నెలో పప్పు రుచి చూసింది. వదిన పోయి ఏడాదైంది, ఇంకా ఉప్పు వెయ్యవాన్నా అంది.
మరిచిపోయినానమ్మా అన్నాను.
ఈసారి నమ్మలేదు.